మూడో రాకుమారుడు అడిగిన సాయం

ఎప్పటి మాటో నాకూ తెలియదు గానీ, కుందనగిరి అనే రాజ్యంలో ధీరబాహుడనే రాజుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు: శాంతసేనుడు, ఉగ్రసేనుడు, జయంధరుడు. ఆ ఇంట్లో ఒక వింత ఆచారం ఉండేది. కొడుకు చేతికి కత్తి ఇచ్చే రోజున 'ఎవరినీ సాయం అడగను' అని ఒట్టు వేయించేవారు. అడిగితే రాచపరువు పోతుందట! నవ్వకండర్రా, వాళ్లకది నిజంగానే పెద్ద విషయం.

ఇలా ఉండగా ముసలి సేనాపతి ఇక చాలని తప్పుకున్నాడు. "ఏడు సముద్రాల అవతల దుర్ముఖుడనే మాంత్రికుడు రాకుమారి హేమలేఖను చెరబట్టాడు. ఆమెను విడిపించుకొచ్చినవాడే కొత్త సేనాపతి," అన్నాడు రాజు. పెద్దవాడు వెళ్లాడు, రాలేదు. రెండోవాడు వెళ్లాడు, రాలేదు. తల్లి బెంగతో అన్నం మానేసింది. "అన్నలను తీసుకొస్తానమ్మా," అని జయంధరుడు పడవెక్కాడు. ఒక సముద్రం దాటాడు, ఇంకో సముద్రం దాటాడు, దాటి దాటి ఏడూ దాటాడు.

మాంత్రికుడు గుమ్మంలోనే ఎదురై నవ్వాడు. "మూడు పనులు పెడతాను. ఒక్కొక్కటీ పొద్దుగూకేలోగా చెయ్యాలి. చేతకాదన్నావో, పొద్దు దాటిందో, మీ అన్నల్లాగే రాయైపోతావు!"

మొదటి పని, ఏనుగంత బండను పగలగొట్టడం. బండ పక్కనే పెద్దన్న రాయై నిలబడి ఉన్నాడు. సుత్తి ఆయన కాళ్ల దగ్గర పడి ఉంది. జయంధరుడు ఆ సుత్తే అందుకున్నాడు. అరచేతులు చిట్లాయి. "పసివాడివి, ఎందుకు నీకీ అవస్థ! మీ అన్నలాగే చేతకాదని ఒక్క మాట అను, వాడి పక్కన హాయిగా నిలబడొచ్చు," అని మాంత్రికుడు వేళాకోళం చేశాడు. జయంధరుడికి ఒళ్లు మండింది. "నేను ధీరబాహుడి కొడుకుని!" అని ఇంకో దెబ్బ వేశాడు, ఇంకో దెబ్బ వేశాడు. ఎండ తగ్గేసరికి బండ రెండు చెక్కలైంది.

మర్నాడు రెండో పని, ఇసుకలో కలిసిన బండెడు నువ్వులు ఏరడం. ఏరుతుంటే ఒక చీమ వచ్చింది. "మమ్మల్నీ ఓ చెయ్యి వెయ్యమంటావా నాయనా?"

"రాజుగారి కొడుకుని, చీమల్ని అడుగుతానా? పో!" అని కసిరాడు.

మధ్యాహ్నానికి దోసెడు కూడా కాలేదు. తలెత్తి చూస్తే ఎదురుగా చిన్నన్న, రాయై. బిగిసిన గుప్పిట్లో నాలుగు నువ్వు గింజలు. అన్నను కూడా చీమ అడిగే ఉంటుంది, అన్న కూడా కసిరే ఉంటాడు. జయంధరుడికి ఏడుపొచ్చింది. ఇసుకలో కూలబడి, ఒట్టు తీసి గట్టున పెట్టి, "చీమమ్మా, తప్పయింది. సాయం చెయ్యి తల్లీ," అన్నాడు. ఎక్కడెక్కడి చీమలూ బారులు తీరి వచ్చాయి. పొద్దుగూకేసరికి ఇసుక ఇటు, నువ్వులు అటు.

మాంత్రికుడికి ఉక్రోషం వచ్చింది. "ఇది కాదు గొప్ప! ఆ తాటిచెట్టు మీది చిలుకలో ఉంది నా ప్రాణం. రేపు పట్టుకో చూద్దాం! ఇంతవరకూ ఎవడివల్లా కాలేదు," అని మీసం మెలేశాడు. అడగకుండానే గుట్టు బయటపెట్టుకున్నాడు చూశారా! గొప్పలకు పోతే అంతే మరి.

చెట్టు నిండా నూనె పూసి ఉంది. జయంధరుడు ఎక్కితే జారాడు, మళ్లీ ఎక్కితే మళ్లీ జారాడు. ఈసారి మధ్యాహ్నం దాకా ఆగలేదు. మాంత్రికుడి ఇంటి కిటికీలో ఉన్న హేమలేఖ వైపు తిరిగి, "రాకుమారీ, మీ సాయం కావాలి," అన్నాడు.

"హమ్మయ్య! నన్ను విడిపిస్తామని వచ్చినవాళ్లే గానీ, నన్నొక మాట అడిగినవాళ్లు లేరు. రోజూ దానికి జామపండు పెట్టేది నేనే కదా!" అని ఆమె చెయ్యి చాచి పిలిచింది. చిలుక వచ్చి ముంజేతి మీద వాలింది. ఆమె దాని మెడ పట్టుకుందో లేదో, మాంత్రికుడు వచ్చి కాళ్ల మీద పడ్డాడు. అన్నలిద్దరినీ మళ్లీ మనుషుల్ని చేసి అడవిలోకి పారిపోయాడు. చిలుక మాత్రం హేమలేఖ దగ్గరే ఉండిపోయింది, అందుకే వాడు మళ్లీ తోక జాడించలేదు.

హేమలేఖ ఇష్టపడి జయంధరుణ్ణి పెళ్లాడింది. సేనాపతిగా పట్టం కట్టే రోజున రాజు మురిసిపోతూ, "నా కొడుకు ఒంటిచేత్తో సాధించాడు!" అన్నాడు.

"కాదు నాన్నగారూ," అన్నాడు జయంధరుడు. "నువ్వులు చీమలు ఏరాయి, చిలుకను హేమలేఖ పిలిచింది. అంతకన్నా ముందు పెద్దన్నను చూసి పట్టు వదలకూడదని తెలుసుకున్నాను, చిన్నన్నను చూసి అడగాలని తెలుసుకున్నాను. వాళ్లు ముందు వెళ్లి ఉండకపోతే నేనూ అక్కడొక రాయినే. వాళ్ల రుణం నేను తీర్చుకోలేను." నిండు సభలో అన్నల కాళ్లకు దండం పెట్టాడు. అప్పటిదాకా సిగ్గుతో తలవంచుకుని ఉన్న అన్నలిద్దరూ తమ్ముణ్ణి లేపి గట్టిగా కౌగిలించుకున్నారు.

తర్వాత రాజ్యం కూడా జయంధరుడికే వచ్చింది. జుట్టు నెరిసేదాకా చల్లగా ఏలాడు. ఏ పని మొదలుపెట్టినా, ముందుగా అన్నల్ని కూర్చోబెట్టుకుని అడిగేవాడు.