సామి మానేసిన ఆదివారం

ఓబులేసు గొంతెత్తి తత్వం పాడితే మఠంలో పిల్లి కూడా కదలకుండా వినేది. పొద్దు వాలేసరికి ఆ గొంతులోకే మందు దిగేది. అదే వచ్చిన తంటా. మానేస్తానని గురువు నాగలింగసామి పాదాలు పట్టుకుని ఒట్టేసేవాడు. సాయంత్రానికి ఆ ఒట్టు తీసి గట్టున పెట్టి బ్రాందీ షాపు దారి పట్టేవాడు.

ఈసారి అతని భార్య ఈరమ్మ మఠానికి వచ్చి సామి ముందే తేల్చి చెప్పింది.

"ఇంకొక్కసారి తాగొచ్చినాడంటే మా అమ్మోళ్లింటికి పోతా సామీ. మళ్లా రాను."

ఈరమ్మ ఊరికే బెదిరించే మనిషి కాదు. ఆ సంగతి ఓబులేసుకు అందరికన్నా బాగా తెలుసు. ఆమె వెళ్లగానే చేతులు జోడించాడు.

"ఏదన్నా మంత్రం చెప్పండి సామీ. ఈసారి నిజంగా మానేస్తా."

"నా కాడ ఉండే మంత్రాలన్నీ నీ మీదే అయిపోయినాయి నాయనా," అని నవ్వాడు సామి. "టౌన్లో తాగుడు మానినోళ్లు ప్రతి ఆదివారం ఒకచోట కూచుంటారంట. యాడనో కనుక్కొని పో."

ఓబులేసు ముఖం ముడుచుకుంది. "తత్వాలు పాడే నోరు సామీ నాది. తాగుబోతుల నడుమ కూచోమంటారా?"

సామి వాదించలేదు. ఎండగా ఉందని తన గొడుగు తెచ్చి చేతికిచ్చాడు.

ఓబులేసు టౌన్లో బస్సు దిగాడు. బ్రాందీ షాపు ఎక్కడని అతను ఎప్పుడూ ఎవర్నీ అడగలేదు. కాళ్లే తీసుకుపోయేవి. మాన్పించే చోటు అడగడానికి మాత్రం నోరు పెగల్లేదు. చివరికి ఓ టీ కొట్టాయన దగ్గర గొణిగితే, ఆయన బజారంతా వినబడేలా, "తాగుడు మానేటోళ్ల మీటింగా అన్నా? చర్చి వెనకాల బడి, చివరి గది!" అని అరిచాడు.

ఆ గదిలో జయరాజు అనే రిటైరైన బస్సు కండక్టరు గుండ్రంగా కుర్చీలు వేస్తున్నాడు. వాకిట్లో కొత్త మనిషిని చూసి ముఖం వెలిగింది. "రాన్నా, రా. నీ కోసమేనా?"

"నా... నా కోసం గాదు."

"మరి ఎవరి కోసం?"

కంగారులో ఓబులేసు నోటికి ఒక్క పేరే అందింది. "మా గురువు కోసం!" అనేసి, గొడుగు అక్కడే మరిచిపోయి పారిపోయాడు. గొడుగు మీద తెల్ల రంగుతో మఠం పేరు రాసుంది.

ఆ గుంపులో ఒక అలవాటుంది. రావడానికి సిగ్గుపడే మనిషి ఉన్నాడని తెలిస్తే, వాళ్లే ఇంటికి పోయి పిలుచుకొస్తారు. మరుసటి ఆదివారం జయరాజు ఆటో కట్టించుకుని మఠానికి వచ్చాడు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో అరటిపళ్లు. వాకిలి ఊడుస్తున్న ఓబులేసు చీపురు పట్టుకుని అలాగే బిగుసుకుపోయాడు.

జయరాజు సామి పక్కన చేరి గొంతు తగ్గించాడు. "సిగ్గుపడొద్దు సామీ. మీ శిష్యుడు చెప్పినాడు. మేమూ తాగినోళ్లమే. మీకన్నా ఎక్కువే తాగింటాం."

సామి గొడుగును చూశాడు. ఓబులేసును చూశాడు. పైగుడ్డ భుజాన వేసుకుని లేచాడు.

"పదండి. ఒరే ఓబులేసూ, తోడు రా."

కొత్తగా వచ్చినవాళ్లకే అక్కడ మొదటి టీ. గ్లాసు సామి చేతిలో పెట్టారు. "వయసుదేముందిలే సామీ, ఎప్పుడు మానితే అప్పుడే మంచిది," అని ఓదార్చారు. సామి బుద్ధిగా తలూపాడు. పక్కన ఓబులేసుకు చెవులు కాలిపోతున్నాయి.

పాలు పోసే మస్తానయ్య మొదలుపెట్టాడు. "గడ్డివాములో సీసా దాచి, యాడ పెట్టినానో మరిచిపోయినా. వామంతా పీకి పోసినా. మా ఇంటామె ఏమనుకునిందో తెలుసునా? 'మా ఆయనకు పని మీద ధ్యాస పుట్టింది' అని వీధంతా చెప్పుకునింది!"

గది గొల్లుమంది. ఓబులేసూ ఆపుకోలేక నవ్వాడు. అతని సీసా హార్మోనియం పెట్టెలో ఉండేది. ఈరమ్మ రోజూ పొద్దున్నే ఆ పెట్టెకు పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకునేది. అది గుర్తొచ్చింది. నవ్వు ఆగిపోయింది.

"మీరేమన్నా చెప్తారా సామీ? బలవంతమేం లేదు," అన్నాడు జయరాజు.

సామి తల దించుకుని టీ గ్లాసు వైపే చూస్తున్నాడు.

"పాపం, పెద్దాయన," అని ఎవరో నిట్టూర్చారు.

ఓబులేసు లేచి నిలబడ్డాడు. వీధి చివరిదాకా వినబడే గొంతు, ఇప్పుడు పక్క కుర్చీకి కూడా వినబడలేదు. మళ్లీ చెప్పాల్సొచ్చింది.

"మా సామి జన్మలో చుక్క ముట్టలేదు. తాగేది నేను. నా పేరు ఓబులేసు."

జయరాజు ఇంకో గ్లాసులో టీ పోసి తెచ్చాడు.

సామి తన గ్లాసు ఖాళీ చేసి లేచాడు. గొడుగును ఓబులేసు కుర్చీకి తగిలించాడు.

"పోతాండారా సామీ?" అంటూ ఓబులేసు వెంట కదలబోయాడు.

"నేను మానేసినా లేరా," అన్నాడు సామి. "నువ్వు కూచో."