అక్కర్లేని చప్పుళ్ళ వర్తకుడు

అనగనగా, ఏరు వెళ్ళి సముద్రంలో కలిసే చోట ఒక మొగ. ఆ మొగలో ఒక రేవు. ఆ రేవులో పొద్దున పొగమంచు, మధ్యాహ్నం ఉప్పుగాలి, ఏడాది పొడుగునా గొప్పలు.

గొప్పలు ఎవరివంటారా? పడవల యజమానులవి. ఒకడు చుక్కానికి ఇత్తడి తొడుగు వేయిస్తే, ఇంకొకడు తెరచాపకి జరీ అంచు కుట్టించేవాడు. వాళ్ళందరికీ పెద్ద అసిరినాయుడు. అందరికంటే చిన్నవాడు కొర్లయ్య. అతనికి ఒకటే బెంగ: తనని ఎక్కడ తక్కువగా చూస్తారో అని.

ఆ మొగలో మంచు దిగితే చాచిన చెయ్యి కనిపించదు. అందుకని అక్కడివాళ్ళు చెవులతో పడవ నడిపేవారు. తెడ్డు కిర్రుమంటే పక్కన ఇంకో పడవ ఉందని లెక్క. ఇసుకమేట మీద కెరటం విరిగే చప్పుడు కుడిచేతి వైపు ఉండాలి. ఎదురుగా, ఒడ్డున నిలబడి ఇంటివాళ్ళు పెట్టే కేక వినిపించాలి. ఒక్కో ఇంటికి ఒక్కో కేక. కొర్లయ్యకి అతని భార్య పైడితల్లి కేకే దారి.

ఒకనాడు మంచులోంచి ఒక పడవ వచ్చింది. తెడ్డు చప్పుడు లేదు, నీటి చప్పుడు లేదు. అందులోంచి వెదురుబొంగులాంటి వర్తకుడు దిగాడు. గులకరాళ్ళ మీద నడిచాడు. అయినా చప్పుడు లేదు.

"నాయనలారా, గానపేటికలు తెచ్చాను," అన్నాడు. ఆ గొంతు ఎంత పల్చనిదంటే, అతను అన్నాడో మనమే అనుకున్నామో తెలియదు.

చేతిలోని పెట్టె మూత ఎత్తాడు. లోపల మనిషి లేడు, పిట్ట లేదు. పాట మాత్రం మొదలైంది. నిజం చెప్పాలి కదా, చాలా బాగుంది. అందరి నోళ్ళూ తెరుచుకున్నాయి.

"వెల ఎంత?" అన్నాడు అసిరినాయుడు.

"మీ దగ్గరున్న చప్పుళ్ళలో మీకు అక్కర్లేనిది ఒకటి ఇయ్యండి. చాలు."

యజమానులు పడీపడీ నవ్వారు. "తెడ్డు కిర్రుమనేది పట్టుకుపో! పాటకి అదే అడ్డం."

వర్తకుడు బుల్లి కూజాలు తీసి తెడ్ల పక్కన పెట్టి, ఒక్కొక్కదానికీ లక్కతో మూతి మూశాడు. ఆ రోజు నుంచి ఆ రేవులో తెడ్లు దూదిలో వేసినట్టు నీళ్ళలో దిగేవి.

ఇక చూడాలి వైభవం! యజమానులు కళ్ళు మూసుకుని, గడ్డాలు పైకెత్తి, పెట్టెల ముందు కూర్చునేవారు. "నా పెట్టెలో పాటగాడు ఊపిరి తీసుకోవడం వినిపిస్తుంది," అని ఒకడు. "నా పెట్టెలో పాటగాడు తమలపాకు నమలడం వినిపిస్తుంది," అని ఇంకొకడు.

పైడితల్లి వచ్చి అడిగింది: "ఇంతకీ ఏటి మావా ఆ పాట? ఎవరి మీద?"

కొర్లయ్య తెల్లమొహం వేశాడు. "పాట సంగతి ఎవరిక్కావాలే? ఆ శుద్ధి చూడు, ఆ శుద్ధి!"

"పాటే వినకపోతే మరి వింటన్నదేటి?"

"నీకు తెలీదులే," అన్నాడు. తను వింటున్నదేంటో అతనికే సరిగ్గా తెలీదు పాపం.

వర్తకుడు రెండోసారి వచ్చాడు. ఈసారి నడుస్తుంటే అతని మోకాళ్ళు తెడ్లలా కిర్రు కిర్రుమన్నాయి.

"ఇది పట్టుతాడు. ఉపవాసం ఉన్న పురుగులు మాత్రమే నేసింది. దీంతో పెట్టెని తెరచాప కొయ్యకి కడితే పాట నేతిధారలా జారుతుంది," అన్నాడు. కట్టాడు. "తేడా తెలిసిందా?"

కొర్లయ్య చెవులు రిక్కించాడు. నిన్నటి పాటే. నిన్నటిలాగే. ఓరకంట చూస్తే అసిరినాయుడు కళ్ళు మూసుకుని "ఆహా!" అంటున్నాడు. పక్కవాడూ "ఆహా!" ఆ పక్కవాడూ "ఆహా!"

"ఆహా!" అన్నాడు కొర్లయ్య, అందరికంటే గట్టిగా.

ఈసారి వెల, ఇసుకమేట మీద కెరటం చప్పుడు. కూజాల్లోకి అదీ పోయింది. మర్నాటి నుంచి కెరటాలు లేస్తున్నాయి, విరుగుతున్నాయి, మూగగా. "చూశావా బావా, తాడు కట్టాక ఎంత శుభ్రంగా ఉందో!" అని యజమానులు ఒకరి వీపు ఒకరు చరుచుకున్నారు.

మూడోసారి వచ్చినప్పుడు వర్తకుడి ఊపిరి ఛాతీలో లేచి, విరిగి, ఇసుకలోకి ఇంకినట్టు వినిపించింది. కొర్లయ్యకి వీపు జలదరించింది. ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి తనూ అనలేదు.

"ఇది నల్లరాయి. పక్షి కూడా కుయ్యని లోయలో, గ్రహణం పట్టినప్పుడు తవ్వింది. దీని మీద పెట్టెని పెడితే పాట వెనకాల కాటుకలాంటి నిశ్శబ్దం వస్తుంది. తేడా తెలిసిందా?"

"ఆహా!" అన్నారందరూ.

"మరి వెల?"

కొర్లయ్య తల గోక్కున్నాడు. మంచి రసపట్టులో ఉండగా ఒడ్డు నుంచి 'మావా' అని కేకేసి చెడగొట్టేది ఎవరు? ఇంకెవరు! "మా ఆవిడ కేక," అన్నాడు నవ్వుతూ. అసిరినాయుడు తన అక్క కేక ఇచ్చాడు. ఒకరిని చూసి ఒకరు, అందరూ ఇచ్చేశారు.

ఇంటికి వెళ్తే పైడితల్లి గుమ్మంలో ఉంది. అతన్ని చూసి నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. చప్పుడు లేదు. వలలో చేప నోరు అలాగే ఉంటుంది. దగ్గరికొచ్చాక మామూలుగానే మాట్లాడింది.

"గొంతు చించుకుని పిలిచాను మావా. వినిపించలేదేటి?"

"జలుబు చేసుంటుంది. మిరియాల కషాయం తాగు," అన్నాడు కొర్లయ్య. ఆమె కళ్ళలోకి మాత్రం చూడలేకపోయాడు.

కొన్నాళ్ళకి అసిరినాయుడు అన్నాడు: "ఒడ్డున కుక్కల మొరుగులు, పిల్లల ఏడుపులు. మొగ దాటి నడిసముద్రంలోకి పోయి విందాం, ఎవరి పెట్టె గొప్పదో తేలిపోతుంది." పడవలన్నీ బయల్దేరాయి. పెట్టెలన్నీ పాడాయి. ఎవరూ ఓడలేదు, ఎవరూ గెలవలేదు. ఇంతలో పట్టపగలే మంచు దిగింది.

కొర్లయ్య పెట్టె మూత వేసి మంచులోకి చెవి పెట్టాడు. తెడ్డు లేదు. కెరటం లేదు. కేక లేదు. ఇన్నాళ్ళూ కోరి తెచ్చుకున్న కాటుక నిశ్శబ్దం, ఇప్పుడు చుట్టూ నిలబడి అతన్నే చూస్తున్నట్టుంది. మేట ఎటుందో, ఇల్లు ఎటుందో!

అప్పుడు వినిపించింది.

"మావా... ఇటు రా మావా..."

పైడితల్లే! కొర్లయ్యకి ప్రాణం లేచి వచ్చింది. పడవ అటు తిప్పాడు. మంచులో మిగతా పడవలు కూడా అటే తిరిగాయి. ఎవరి కేక వాళ్ళకి వినిపిస్తోంది మరి. తెడ్డు వేశాడు, వేశాడు. కిందున్న నీళ్ళు ఆకుపచ్చ పోయి నల్లబడ్డాయి.

"రా మావా... ఇటు..."

కొర్లయ్య చెయ్యి ఆగిపోయింది. పైడితల్లి జన్మలో ఇంత తియ్యగా పిలవలేదు. ఆవిడ కేక 'మావా'తో మొదలై, మధ్యలో జీరబోయి, 'ఎక్కడ చచ్చావు' దగ్గర ఆగేది. ఇందులో జీర లేదు, తిట్టు లేదు. బాగా ఉతికి ఆరేసిన కేక ఇది.

మంచు చీలింది. ఎదురుగా వర్తకుడి పడవ. వర్తకుడు నోరు తెరిస్తే పైడితల్లి గొంతు వచ్చింది.

"కొత్త సరుకు. ఇంత శుద్ధమైన కేక ఎక్కడా దొరకదు. తేడా తెలిసిందా, కొర్లయ్యా?"

చుట్టూ పడవలన్నీ ఆగాయి. అందరూ వింటున్నారు. ఆహా అంటే పరువు. కాదంటే చెవిటివాడని జీవితమంతా ఏడిపిస్తారు. ఒడ్డున పైడితల్లి నోరు తెరుస్తూ మూస్తూ నిలబడి ఉంటుంది. ఆ సంగతి తలుచుకునేసరికి కొర్లయ్య తెడ్డు పడవలో పడేసి లేచి నిలబడ్డాడు.

"తెలిసింది. ఇది మా ఆవిడ కేక కాదు," అన్నాడు. "ఇంకో సంగతి. తాడు కట్టినప్పుడు నాకు ఏ తేడా తెలీలేదు! రాయి పెట్టినప్పుడూ తెలీలేదు! పెట్టె బాగానే పాడింది, నేను కాదనను. మిగతాదంతా అందరూ ఆహా అన్నారని నేనూ అన్నాను!"

వర్తకుడి పడవలో టప్పుమని పగిలింది ఒక కూజా. టప్పుమంది ఇంకోటి. వర్తకుడి మొహం పాలిపోయింది.

 తరవాత మంచులోంచి సన్నగా ఒక గొంతు: "నాకూ తెలీలేదు బావా."

"నేను నిన్ను చూసే అన్నాన్రా."

"నువ్వు నన్ను చూశావా? నేను నిన్ను చూశాను కదరా!"

టప్, టప్, టప్. వర్తకుడి ఊపిరిలో కెరటం పోయింది. నోట్లో గొంతులు పోయాయి. ఏదో అరుస్తున్నాడు, వినిపించడం లేదు. పడవతో సహా మంచులోకి జారిపోయాడు, కిర్రు కిర్రుమంటూ. పెట్టె బాగుందని కొర్లయ్య నిజమే చెప్పాడు కాబట్టి, ఆ పెట్టెకి వెలగా ఇచ్చిన తెడ్ల చప్పుడు మాత్రం వాడికే దక్కింది. అందుకే ఆ రేవులో ఈనాటికీ పడవవాళ్ళు మంచు పడితే నోటితోనే "కిర్రు, కిర్రు" అనుకుంటూ పోతారు. నవ్వకండి, వాళ్ళకది ప్రాణం.

వెనకవైపు, చాలా దూరంగా, కెరటం విరిగింది. ఆ వెంటనే, జీరబోయిన గొంతుతో, "మావా! ఎక్కడ చచ్చావు!" కొర్లయ్య ఏడుస్తూ నవ్వుతూ పడవ తిప్పాడు. కిర్రు కిర్రుమనుకుంటూ పడవలన్నీ అతని వెనకే ఒడ్డు చేరాయి.

అన్నీ కాదు. ఒకటి తక్కువ. అసిరినాయుడు అందరికీ పెద్ద కదా! "మీ చెవులు మట్టివి, నాకు తేడా స్పష్టంగా తెలిసింది," అని ఆ తియ్యటి కేక వచ్చిన దిక్కుకే తెడ్డు వేసుకుంటూ వెళ్ళాడు.

ఇప్పటికీ మంచు దిగితే నడిసముద్రం నుంచి ఒక పాట వస్తుందట. చాలా శుద్ధమైన పాట. దాని వెనకాల తెడ్డు లేదు, నీళ్ళు లేవు, గాలి లేదు. ఒడ్డున అసిరినాయుడి అక్క నిలబడి తమ్ముణ్ణి పిలుస్తుంది. నోరు తెరుస్తుంది, మూస్తుంది. చప్పుడు రాదు. ఆవిడ కేకున్న కూజా ఇంకా పగల్లేదు. అతను 'నాకు తెలీలేదు' అని ఒక్కసారి అంటే చాలు, వస్తుంది. ఆవిడ ఎదురుచూస్తోంది.

నీతి: వినిపించనిదాన్ని వినిపించిందని నలుగురి కోసం తల ఊపేవాడికి, చివరికి తనవాళ్ళ పిలుపు కూడా వినిపించకుండా పోతుంది.