మానికతో కొలిచిన గాలి

చేపలరేవు పక్కనున్న పోలమ్మ అత్తవారింట్లో నలుగురు మనుషులు. పోలమ్మ, మొగుడు మసేనయ్య, మరిది దానయ్య, అత్త అమ్మాజమ్మ. ఈ నలుగురికీ తమ తెలివంటే తగని గర్వం. అమ్మాజమ్మ అయితే పొద్దున్న లేస్తూనే దేవుడికి దండం పెట్టుకుని, తండ్రీ, మాకిచ్చిన దాంట్లో కొంచెం ఊళ్ళోవాళ్ళకి కూడా ఇవ్వు పాపం, అని వేడుకునేది. ఊరి మీద అంత జాలి ఆవిడకి.

ఆ తెలివి ఎలాంటిదో ఒక్కటి చెబుతాను వినండి. పోలమ్మ అన్న కోదండం పక్కూళ్ళో ఇల్లు మొదలుపెట్టాడు. తుమ్మ ముళ్ళకంపలు కొట్టించి, నేల చదును చేయించి, పునాదులు తీయిస్తున్నాడు. ఒకరోజు పనుండి బజారుకి వెళ్తూ, బావా, ఈ సిమెంటు బస్తాలు కాస్త చూస్తూ ఉండు అని మసేనయ్యకి చెప్పి వెళ్ళాడు. మసేనయ్య బస్తాల ఎదురుగా కూర్చుని చూశాడు. వాన మొదలైంది, చూశాడు. బస్తాలు తడిశాయి, చూశాడు. తడిసి బండలైపోయాయి, రెప్ప వెయ్యకుండా అదీ చూశాడు. కోదండం వచ్చి నెత్తీ నోరూ కొట్టుకుంటుంటే, ఒక్క బస్తా కూడా నా కళ్ళు దాటిపోలేదు బావా అని మీసం దువ్వాడు.

ఇంకేముంది, ఇల్లు పూర్తయి గృహప్రవేశం పిలుపులకి వచ్చిన నాడు కోదండం బంధువులందరి ముందూ అనేశాడు, మీ ఇంట్లో నలుగురినీ కలిపి పిండినా ఒక్క మనిషి తెలివి రాదని. పోలమ్మకి ఒళ్ళు మండిపోయింది. అత్తవారిని అంటే పడే మనిషి కాదు. పైగా ఆ నలుగురిలో తనూ ఒకతె కదా.

రేవులో ఒక హోటలువాడు డ్రమ్ములో పొగబెట్టి అమ్మే కానాగంత చేపలంటే కోదండానికి ప్రాణం. ఆ సంగతి పోలమ్మకి తెలుసు. అందుకని నడుముకి కొంగు దోపుకుని అంది.

"నీ గృహప్రవేశం భోజనాలకి పొగచేప నేను తెస్తానన్నయ్యా. మా ఇంట్లో, మా డ్రమ్ములో, మా తెలివితో చేసి తెస్తాను."

కోదండం నవ్వాడు. "తెస్తే మీ నలుగురికీ నలుగురిలో దండం పెడతాను. తేలేకపోతే దీపం పట్టుకుని కొత్తింట్లో మొదటి అడుగు వేసేది నువ్వు కాదు చెల్లీ. పిన్ని కూతురు వేస్తుంది."

కొత్తింట్లోకి మొదటి అడుగు ఆడపడుచుది. తోడబుట్టిన తను బతికుండగా పిన్ని కూతురు దీపం పట్టుకుని ముందు నడిస్తే, ఇంక పుట్టింటి గడప తొక్కే మొహం ఉంటుందా? ఆ రాత్రి పోలమ్మకి అన్నం సయించలేదు.

గృహప్రవేశం ఇంకా నాలుగు రోజులుంది. ఖాళీ నూనె డ్రమ్ము ఒకటి తెచ్చి కడిగి, వెల్డింగ్ పనిచేసే బాబ్జీ మేస్త్రిని పిలిపించారు. అసలు సంగతి ఆయన నాలుగు ముక్కల్లో చెప్పాడు.

"డ్రమ్ములో కింద నిప్పు, పైన చేపలు. నిప్పుకి గాలి కావాలి కాబట్టి అడుగున చుట్టూ మూడు బెజ్జాలు పెట్టండి, గాలి అటు నుంచి వస్తుంది. మూతకి ఒక గొట్టం పెట్టండి, పొగ అటు నుంచి పోతుంది. గాలి కొలిచినట్టు వెళ్ళాలి. ఎక్కువైతే మంట లేచి చేప మాడిపోతుంది, తక్కువైతే నిప్పు ఆరిపోతుంది. మూడు గంటలు అలా పొగలో ఉంచితే బంగారంలా వస్తుంది. చేప సంగతేముంది, కష్టమంతా గాలి దారుల్లోనే ఉంది."

గొట్టం తనే అతికి పెట్టి, బెజ్జాలు కొట్టడానికి ఒక ఉలి వీళ్ళకి అరువిచ్చి వెళ్ళిపోయాడు. అక్కడే చేశాడు పొరపాటు.

మొదటి రోజు మూడు బెజ్జాలూ బాగానే కొట్టారు. కొట్టాక అమ్మాజమ్మకి అనుమానం వచ్చింది. గాలి కింద నుంచి రావాలని మేస్త్రి మనకి చెప్పాడు గానీ గాలికి చెప్పాడా? ఆ మాటకి ముగ్గురూ ఆవిడ వంక భక్తిగా చూశారు. నిజమే, ఎవరూ చెప్పకపోతే పాపం దానికెలా తెలుస్తుంది? అంతే, దానయ్య సున్నం కలిపి బెజ్జాల పక్కన 'గాలి లోపలికి' అనీ, గొట్టం మీద 'పొగ బయటికి' అనీ రాశాడు. గాలి కళ్ళకి ఆనాలి కదా అని అక్షరాలు పెద్దవిగా రాశాడు. ఆ పెద్ద 'లో' రాయడానికి చోటు చాలక ఒక బెజ్జం మీద నుంచే సున్నం పూసేశాడు, అది వేరే సంగతి.

నిప్పు వేసి కొబ్బరిపీచు పరిచి, చేపలు వేలాడదీసి మూత పెట్టారు. గాలి వీచినప్పుడల్లా కాస్త పొగ కింది బెజ్జాల్లోంచి కూడా బయటికి వచ్చింది. మసేనయ్య దాన్ని మందలించాడు. అది వినలేదు. ఇది చదువు రాని పొగ అని దానయ్య తేల్చి, బెజ్జాల దగ్గర గొంతుక్కూచుని, వచ్చిన ప్రతి పొగకీ రాసింది బిగ్గరగా చదివి వినిపించాడు. మధ్యాహ్నానికి కళ్ళు వాచి తెరుచుకోలేదు. చేపలకి పట్టాల్సిన పొగంతా వాడికే పట్టింది.

రెండో రోజు పోలమ్మ తన బుర్రకి పనిచెప్పింది. రేవులో బతికే మనిషి, పగలు గాలి సముద్రం మీద నుంచి వస్తుందనీ సాయంత్రమయ్యేసరికి దిక్కు మారుతుందనీ తెలుసు. మరి మూడే బెజ్జాలుంటే నాలుగో పక్క నుంచి వచ్చిన గాలి ఏమైపోవాలి? గుమ్మం కనపడక వెనక్కి వెళ్ళిపోదూ? ఇంటికొచ్చిన చుట్టాన్ని బయట నిలబెట్టినట్టు ఉంటుందని బాధపడిపోయింది. ఇంకేముంది, అన్నదమ్ములిద్దరూ ఉలి తీసుకున్నారు. తూర్పుకొకటి, పడమరకొకటి, మూలలకొకటి. సుడిగాలి వస్తే దానికి గుండ్రంగా ఓ వరస. పిల్లగాలికి చిన్నవి, పెనుగాలికి పెద్దవి. సాయంత్రానికి డ్రమ్ము అప్పడాలు వేయించే చిల్లుల గరిటెలా తయారైంది.

నిప్పు వేశారో లేదో మంట భగ్గుమని గొట్టంలోంచి తల బయటికి పెట్టింది. చూరుకి అంటుకోబోతే నలుగురూ బురద చల్లి ఆపారు. గంప చేపలు బొగ్గులయ్యాయి. అమ్మాజమ్మ ఒకదాన్ని విరిచి నోట్లో వేసుకుని, పళ్ళు తోముకోడానికి బావుందంది.

మూడో రోజు బాబ్జీ మేస్త్రి ఉలి కోసం వచ్చాడు. డ్రమ్ముని చూశాడు. దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు. ఆ తరవాత, అమ్మా, ఇన్ని గాలి దారులు పెడితే మంటగాక ఏమొస్తుంది, బంకమట్టితో మూసిపారెయ్యండి, గాలి కొలిచినట్టు వెళ్ళాలని చెప్పానా లేదా అని విసుక్కున్నాడు. ఏవి మూయాలో చెప్పకుండానే, ఉలి చంకన పెట్టుకుని గబగబా నడిచి వెళ్ళిపోయాడు.

పోలమ్మ నుదుటి మీద కొట్టుకుంది. నిజమే, కొలవమని మొదటి రోజే చెప్పాడు, మనమే కొలవలేదు. అంతే, ఒక్క బెజ్జం మిగల్చకుండా అన్నీ మట్టితో పూడ్చేసి, బియ్యం కొలిచే మానిక తెచ్చింది.

ఇంక చూడండి తమాషా. ఇంట్లోది నిలవ గాలి, తాజాది కావాలని, మసేనయ్య ఖాళీ బిందె పట్టుకుని ఇసకలోకి పరిగెడతాడు. సముద్రానికి ఎదురుగా బిందె పట్టి, నిండిందనుకున్నాక మూతికి గుడ్డ కట్టి మోసుకొస్తాడు. బరువు తక్కువగా ఉందని ఒకసారి వెనక్కి కూడా పంపారు. పోలమ్మ గుడ్డ విప్పి మానికలోకి వంచి, గొట్టంలో పోస్తుంది. ధాన్యం కొలిచేటప్పుడు పెద్దవాళ్ళు ఒకటి అనరు కదా, లాభం అంటారు. ఆ పద్ధతి ఎక్కడికి పోతుంది?

"లాభం... రెండు... మూడు..." అని పోలమ్మ లెక్కపెడుతుంటే అమ్మాజమ్మ అడ్డుపడింది. మానిక మీద గోపురంగా పోసి కొలుస్తున్నావా, చేత్తో చదునుగా తుడిచి కొలుస్తున్నావా అని. పోలమ్మ తుడిచే కొలుస్తున్నానంది. ఆడపిల్ల పుట్టింటికి పంపే సరుకు, అలా పిసినారిగా కొలుస్తారా, గోపురంగానే పొయ్యమంది అత్త. కోడలికి కన్నీళ్ళొచ్చాయి. నా పుట్టింటి మీద ఇంత ప్రేమ దాచుకున్నావా అత్తా అని కాళ్ళకి దండం పెట్టి, మళ్ళీ మొదటి నుంచీ గోపురంగా కొలిచింది. నూట పదహారు మానికలయ్యేసరికి నిప్పు చల్లగా ఆరిపోయింది.

ఇంత గాలి పోసినా నిప్పు ఆరిపోవడమేమిటి? నలుగురూ మూత తీసి లోపలికి తొంగిచూశారు. దొంగలు దొరికిపోయారు. కానాగంతలన్నీ వరసగా నోళ్ళు తెరుచుకుని వేలాడుతున్నాయి. పోసిన గాలి పోసినట్టు తాగేస్తున్నది ఇవేనన్నమాట అన్నాడు దానయ్య. మసేనయ్యకి కోపం వచ్చినా ఆలోచించి న్యాయంగా మాట్లాడాడు. చేపకి కావాల్సింది నీళ్ళు, నీళ్ళు లేకపోబట్టి గతిలేక గాలి తాగుతున్నాయి, నీళ్ళిస్తే గాలి జోలికి రావు, గాలంతా నిప్పుకే మిగులుతుంది. ఆ మాట విని పోలమ్మకి, ఇలాంటి మొగుణ్ణి కట్టుకున్నందుకు, కడుపు నిండిపోయింది. మళ్ళీ నిప్పు వేసి, రెండు బిందెల నీళ్ళు డ్రమ్ములో గుమ్మరించారు. బుస్సుమని తెల్లటి ఆవిరి లేచింది. పొగొచ్చింది పొగొచ్చింది అని నలుగురూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగకముందే డ్రమ్ము చల్లబడిపోయింది.

పోలమ్మ గుమ్మంలో కూలబడి ఏడ్చింది. అన్న నవ్వుతాడని కాదు ఏడుపు. పుట్టిన దగ్గర్నుంచీ వాడితో ఒకే కంచంలో తింది. అలాంటిది రేపు పిన్ని కూతురు దీపం పట్టుకుని లోపలికి పోతుంటే, పందిట్లో ఓ మూల తను నిలబడాలి. ఆ మూల తలుచుకుంటేనే గుండె చెరువైపోతోంది.

నాలుగో రోజు, గృహప్రవేశం నాడు, పచ్చి చేపల గంప మీద గుడ్డ కప్పుకుని, దారేదైనా దొరక్కపోతుందా అని మిగిలిన పీచు బస్తాతో సహా తెల్లవారేసరికే నలుగురూ పక్కూరు చేరారు. కోదండం పాత ఇంటి దగ్గర హడావుడిగా ఉన్నాడు. చేపలేవంటే వస్తున్నాయంది పోలమ్మ. ఈలోగా కొత్తిల్లు తుడిచి ముగ్గులు పెడతానని తాళంచెవి అడిగి తీసుకుంది. ఊరేగింపుగా పది గంటలకి వస్తాం, సిద్ధంగా ఉంచు అన్నాడు కోదండం.

తాళం తీసి, చీపురు పట్టుకుని హాల్లో నిలబడిన పోలమ్మ ఒక్కసారిగా కిందికీ పైకీ చూసింది. కింద గుమ్మం. గుమ్మంలోంచి చల్లగా గాలి లోపలికి వస్తోంది. పైన గోడకి, కప్పు దగ్గరగా, వెంటిలేటరు. మేస్త్రి చెప్పింది అచ్చంగా ఇదే. కింద గాలి దారి, పైన పొగ దారి, ఎవరూ సున్నంతో రాయకుండానే గాలికి దారి తెలిసిపోతోంది.

"ఏమయ్యా, మన తెలివిలో తప్పు లేదు. మన డ్రమ్మే చిన్నది" అంది మొగుడితో.

అంతే. కిటికీలు బిగించారు. ఫ్యాను కొక్కేల నుంచి తాళ్ళు కట్టి, మామిడాకుల తోరణాల మధ్య కానాగంతల తోరణాలు కట్టారు. కొత్త పాలరాతి బిళ్ళల మీద, హాలు నడిమధ్యన, నిప్పులు పోసి బస్తాడు పీచు కుమ్మరించారు. మసేనయ్య తలుపుని వేలెడంత తెరిచి పట్టుకున్నాడు. మంట లేవలేదు, నిప్పు ఆరలేదు. పొగ దట్టంగా లేచి, బుద్ధిమంతురాలిలా గోడలన్నీ తడుముకుంటూ వెంటిలేటరు వైపు నడిచింది. మూడు గంటలు మూడు నిమిషాల్లా గడిచిపోయాయి.

పది గంటలకి సన్నాయి మేళంతో, పిన్ని కూతురి చేతిలో దీపంతో, ఊరేగింపు వచ్చింది. వెంటిలేటరులోంచి పొగ చూసి మేళం ఆగిపోయింది. తలుపు బార్లా తెరుచుకుంది. నల్లగా, కళ్ళు మాత్రం తెల్లగా, చేతిలో చేపల పళ్ళెంతో పోలమ్మ గుమ్మంలో నిలబడింది.

"చేపలు సిద్ధం అన్నయ్యా. మొదటి అడుగు కూడా నేనే వేసేశాను. ఇంక మీరు రావచ్చు."

కోదండం లోపలికి తొంగిచూశాడు. నిన్నటిదాకా పాలలా మెరిసిన గోడలు, కప్పు, పీఠం మీద పెట్టిన దేవుడి పటం, అన్నీ ఒకటే రంగు. పాలు ఇంకా పొంగనే లేదు, ఇల్లంతా నీచు వాసన. రెండు చేతులూ జోడించి, మీకో దండం తల్లీ అన్నాడు. మాటిచ్చినట్టే నలుగురిలో దండం పెట్టాడని పోలమ్మ మొహం వెలిగిపోయింది, మసిలోంచి కనపడలేదు గానీ. చుట్టాల్లో ఎవరో ఒక చేప తుంచి నోట్లో వేసుకుని, అద్భుతంగా ఉందనడంతో కోదండానికి ఇంకా కాలింది. గొంతు చించుకుని అరిచాడు.

"నాకేం చెప్పొద్దు. ఈ స్థలం మొదట ఎలా ఉందో అలా చేసి మరీ కదలండి ఇక్కణ్ణించి."

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మొదట ఎలా ఉండేదో వాళ్ళందరికీ బాగా గుర్తే. చాలా పెద్ద పని, కానీ అన్నంతటివాడు నోరు తెరిచి అడిగాడు, కాదంటారా? దానయ్య తుమ్మకంపలు దొరుకుతాయేమో చూసొస్తానని చెరువుగట్టు వైపు బయల్దేరాడు. మసేనయ్య పక్కింటికి వెళ్ళి రెండు గునపాలు అడిగి తెచ్చాడు. పోలమ్మ ఒకటి అందుకుని, కొంగు దోపుకుని, గోడ దగ్గర నిలబడి, వినయంగా తోబుట్టువు వైపు తిరిగింది.

"మొదటి పోటు ఆడపడుచుదే కదూ అన్నయ్యా?"