దళవాయిగారి బంగారు హంస

ఒకనాటి ఉదయం తాంబూలం నములుతుండగా తిమ్మభూపాలుడికి బుద్ధి పుట్టింది. కొత్త తుపాకీతో, రాణులూ మంత్రులూ చూస్తుండగా, గుమ్మడికాయని పేల్చి తీరాలని.

ఆ తుపాకీ అలాంటిలాంటిది కాదు. మడమ దివాణంలో ఉంటే మూతి ఊరవతల ఉండేది. మూతిలోంచి మందు పోసి, గుండు జారవిడిచి, కడ్డీతో దట్టించడానికి పొద్దున్నే బయలుదేరిన మనుషులు మధ్యాహ్నం భోజనానికి గానీ తిరిగొచ్చేవారు కాదు. గుమ్మడికాయ మాత్రం తక్కువదా! దాన్ని తెచ్చిన ఎడ్లు ఆ తర్వాత జన్మలో బండి ముఖం చూడలేదు.

రాజుగారు ఒక కన్ను మూసి పేల్చారు. కోటంతా పొగ. పొగ విడిపోయేసరికి గుమ్మడికాయ పెళ్ళికొడుకులా అక్కడే కూర్చుని ఉంది. ఎడమవైపు వంటసాలలోంచి మాత్రం వంటవాడు గరిటె పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఏలినవారూ! చారు కాగు పగిలిపోయింది! లోపల మోకాల్లోతు చారు!"

రాణులు పైటచెంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రాజుగారి ముఖం కందగడ్డయింది.

అప్పుడు సేనకంతటికీ పెద్ద, దళవాయి జగ్గభూపతి, ముందుకొచ్చాడు. ఆయన మీసాలకి నూనె రాయడానికే ఇద్దరు నౌకర్లు నిచ్చెన వేసుకుని ఎక్కేవారు.

"తప్పు ఏలినవారిది కాదు. గొట్టం చివర గురి చూసే బొడిపె ఉందే, దానిది. ఓబులాచారి దాన్ని వంకరగా బిగించాడు. ఇక్కడ గోరంత వంకరైతే అక్కడ బారెడు తేడా!"

తుపాకీ చేసిన ఓబులాచారి చేతులు జోడించాడు. "వంకరా! గొట్టానికి గాడి కోసి, బొడిపెని సుత్తితో దిగ్గొట్టాను ప్రభూ. దారం పట్టి మరీ చూసుకున్నాను. అసలు ఆ హంస..."

"నా హంస జోలికొచ్చావంటే నాలుక తెగ్గోయిస్తా!" అని ఉరిమాడు దళవాయి.

"పొద్దు గూకేలోగా వీడి బొటనవేళ్ళు తీయించండి" అన్నారు రాజుగారు.

పక్కనే ఆకులు చుడుతున్న గున్నమ్మ చేతిలో చుట్టిన ఆకు విడిపోయింది. రాజుగారికి తాంబూలం అందించే అడపకత్తె ఆవిడ. అడకత్తెర పదును పెట్టించుకోవడానికి ఆచారి కొలిమికి వెళ్ళిన రోజున జరిగిందంతా కళ్ళారా చూసింది. రాజుగారికి కానుకంటూ దళవాయి బంగారు హంసని పట్టుకొచ్చాడు. బొడిపె వెనకాలే అతికించమన్నాడు. "బొడిపె మరుగైపోతుంది దొరా! ఇది మెడ పక్కకి తిప్పుకున్న హంస. రాజుగారు దీని తలతోనే గురి చూస్తారు" అని ఆచారి మొత్తుకున్నాడు. "కనబడాల్సింది నీ బొడిపా, నా హంసా?" అని దళవాయి గుడ్లురిమాడు. పాపం ఆచారి ఏం చేస్తాడు! తగరం కరిగించి మాటు పెట్టాడు.

అయితే దళవాయి మాట ఎక్కడ, అడపకత్తె మాట ఎక్కడ! చూసింది చూసినట్టు చెబితే ఆవిడ నాలుకా ఆ పూటే తెగుతుంది. గున్నమ్మ ఆకులు పక్కన పెట్టి లేచింది.

"దళవాయిగారు అబద్ధం చెబుతారా ఏలినవారూ? బొడిపె వంకరే. ఆ బొడిపెతో గుమ్మడికాయకి గురిపెడితే గుండు ఎటైనా పోతుంది గానీ గుమ్మడికాయ దగ్గరికి పోదు. అంతేగా దళవాయిగారూ?"

"ముమ్మాటికీ!"

"అయితే గుమ్మడికాయ ముందంత క్షేమమైన చోటు మూడు లోకాల్లోనూ లేదు. తమరు వెళ్ళి అక్కడ నిలబడండి. రుజువైపోతుంది."



"భేష్!" అన్నారు రాజుగారు. "మందు దట్టించండి!"

"ఇంకొక్క మనవి" అంది గున్నమ్మ. "పాపం ఆ హంస ఏ పాపమూ ఎరగదు. దానికి మసి ఎందుకంటాలి? కాసేపు తీయించండి."

దళవాయి మీసం ఒకటి కిందికి వాలింది. మందు నింపిన గొట్టానికి నిప్పు చూపించకూడదు గనక ఓబులాచారి హంస కింద ఉలి ఆనించి ఒక్కటిచ్చాడు. తగరం విడిపోయి హంస ఎగిరొచ్చి మంత్రిగారి ఒళ్ళో పడింది.

దళవాయిని నడిపించారో మోసుకెళ్ళారో గానీ, గుమ్మడికాయ ముందు నిలబెట్టారు. రాజుగారు తుపాకీ ఎత్తి కన్ను మూశారు.

"ఓహో! ఇప్పుడు బొడిపె ఎంత చక్కగా కనబడుతోంది! జగ్గభూపతీ, సరిగ్గా నీ బొడ్డు మీదుంది!"

రెండో మీసమూ వాలింది.

"పేల్చకండి మహాప్రభో! బొడిపె సూటిగానే ఉంది! దారం పట్టినట్టుంది!" ఆ కేక విని పొరుగు రాజ్యంలో కోటతలుపులు మూసుకున్నారట.

"మరి ఇందాక నా గుండెందుకు తప్పింది?"

 గున్నమ్మే అందుకుంది.

"చెప్పండి దళవాయిగారూ. తప్పు ఏలినవారి కంటిదా, తమరి హంసదా?"

"హంసదే! అడ్డం వస్తుందని ఆచారి చెప్పాడు కూడా! నేనే బలవంతంగా పెట్టించాను!"

"పక్కకి జరుగు" అన్నారు రాజుగారు. జరిగీ జరగకముందే తుపాకీ పేలింది. గుమ్మడికాయ వెయ్యి చెక్కలైంది. గింజలన్నీ వెళ్ళి దళవాయి మీసాల్లో ఇరుక్కున్నాయి. పుట్టి బుద్ధెరిగాక రాజుగారి గుండు తగలాల్సినచోట తగలడం అదే మొదలు. ఆ సంబరంలో హంసని ఆచారి బొటనవేళ్ళ మధ్యనే పెట్టి ఇచ్చేశారు.

నవ్వలేక రాణులు ఒకరిమీద ఒకరు పడ్డారు. రాజుగారు కళ్ళు తుడుచుకుంటూ అడిగారు: "ఏమే గున్నమ్మా! నేను నిజంగా పేల్చేస్తాననే అనుకున్నావా?"

"నేననుకుంటే ఏం లాభం ఏలినవారూ! అనుకోవలసినవారు అనుకున్నారు."

రాజుగారు తమ మెడలోని ముత్యాలదండ తీసి ఆవిడ తాంబూలం పళ్ళెంలో వేసి మళ్ళీ నవ్వడం మొదలెట్టారు.