పెట్టె కదలకూడదన్నారు

గునుపాటి వారింట్లో తెలివి ఎక్కువై కారిపోతుంటుందని వాళ్ళే చెప్పుకుంటారు. ఇంకెవరూ చెప్పరు గనక వాళ్ళే చెప్పుకోవాలి. ఆ ఇంటి అన్నదమ్ముల బిడ్డలు ముగ్గురు, పెంచలబాబు, మునీంద్ర, జాలయ్య, ఒకే కాలేజీలో ఇంజినీరింగు వెలగబెడుతున్నారు. ముగ్గురికీ ఉపగ్రహాలు చేసే కంపెనీలో ఇంటర్న్‌షిప్ వచ్చింది. ఇంకేముంది! ముక్కులు ఆకాశానికెత్తి నడిచారు. పెద్దవాళ్ళు ఎదురొస్తే పక్కకి తొలగడం కూడా మానేశారు. అది నేను మర్చిపోలేదు.

"చెప్పింది చెప్పినట్టు చేసే తెలివి మనదిరా. అందుకే మనల్ని ఏరుకున్నారు" అన్నాడు పెంచలబాబు.

"అవునన్నా, సొంత తెలివి కలిపితేనే పని చెడేది" అన్నాడు జాలయ్య.

కలపడానికి వీడి దగ్గర ఉంటే కదా!

కంపెనీలో వకుళ మేడం అని ఒకావిడ. వేటకెళ్ళిన పడవలకి తుపాను కబురు అందించే చిన్న ఉపగ్రహాన్ని ఏళ్ళ తరబడి కూర్చుని తయారు చేసింది. చూడ్డానికి బియ్యం డబ్బా అంత పెట్టె. ఆ రోజు పొద్దుగూకే లోపల అది రాకెట్టు దగ్గరికి చేరాలి. చేరకపోతే దాని చోటు వేరేవాళ్ళ పెట్టెకి ఇచ్చేస్తారు. ఆవిడ పడిన పాటంతా గంగలో కలిసినట్టే.

"దుమ్ము పడితే పెట్టె పాడవుతుంది. గుమ్మంలో జిగురు చాప ఉంది, కాళ్ళకున్న దుమ్ము లాగేస్తుంది. దాని మీద కాలు పెట్టకుండా ఒక్క అడుగు వేయొద్దు. బయటినుంచి ఏదొచ్చినా గౌనూ టోపీ ఉండాల్సిందే" అని పొద్దున్నే చెప్పి, ఆఖరి స్క్రూ ఒకటి చేయించుకు రావడానికి వెళ్ళింది.

పెంచలబాబు చాప మీద కాలు పెట్టాడు. రెండో అడుగు వేయబోయి ఆగాడు.

"రేయ్, ఈ అడుగుకి చాపేదిరా?"

అంతే! ముగ్గురూ చాప మీద నిలబడ్డారు. ముగ్గురూ ఒక్కసారి ఎగురుతారు, ఎగిరినప్పుడల్లా జాలయ్య చాపని ముందుకి లాగుతాడు. మళ్ళీ దాని మీద దబ్బున పడతారు. ఆ చిన్న గది దాటేసరికి భోజనాల వేళయింది.

అప్పుడు మునీంద్రకి స్టూలు కనబడింది. "అన్నా, ఇది బయటినుంచే గదా వచ్చింది?"

"మరిక్కడే పుట్టిందా? తొడుగు!"

స్టూలుకి గౌను, గోడ గడియారానికి టోపీ. రెంచీలకీ, స్పానర్లకీ తలా ఒక టోపీ. చీపురుకి గౌనూ టోపీ రెండూనూ. గౌన్ల బీరువా ఖాళీ.

మేడం స్క్రూ పట్టుకుని పరుగున వచ్చింది. "ఒక గౌనివ్వండిరా, త్వరగా!"

"లేవు మేడం. ఆఖరిది చీపురు వేసుకుంది."

"చీపురుకెందుకురా?"

"బయటినుంచి వచ్చింది గదా మేడం. మీరూ బయటినుంచే వస్తున్నారు, రాకూడదు."

"నా గదిలోకి నన్నే రానివ్వరా? చీపురు కన్నా హీనమా నేను?"

"అట్లాంటిదేం లేదు మేడం. అది ముందొచ్చింది."

ఆవిడ వాళ్ళతో వాదించి వాదించి, చీపురు ఒంటిమీది గౌను లాక్కుని, లోపలికెళ్ళి స్క్రూ బిగించేసరికి పొద్దు పడమటికి వాలింది. బయట వ్యాను సిద్ధంగా ఉంది. డ్రైవరు ఖాదర్ బాషా పక్కన కొట్లో టీ తాగుతున్నాడు.

"పెట్టెని బండెక్కించి కట్టండి. నేనిప్పుడే వస్తా. అది ఇసుమంత కదిలిందో, ఊరుకోను" అంది మేడం.

ఎక్కించారు. తాళ్ళతో కట్టారు. బాగానే ఉంది. అక్కడితో ఆగితే వాళ్ళు గునుపాటి వాళ్ళెందుకవుతారు?

"అన్నా, బండి కదిలిందనుకో, లోపలున్న పెట్టో?" అన్నాడు మునీంద్ర.

"కదులుతుందిరా!"

"మేడం ఊరుకోదన్నా!"

ముగ్గురూ బండి దిగి కిందికి దూకారు. అంతే, నాలుగు టైర్లలో గాలి తీసేశారు.

బాషా వచ్చి గుండెలు బాదుకున్నాడు. "ఎవర్రా నా బండిని పడుకోబెట్టింది?"

"మేమే భాయ్. ఇంక ఏనుగులొచ్చి లాగినా కదలదు!"

మేడం వచ్చి చూసి తల పట్టుకుంది. బాషా సీటు కిందనుంచి చేతిపంపు తీసి పెంచలబాబు చేతిలో పెట్టాడు. "కొట్టండిరా, ఇంకా టైముంది. నేను జాకీ తెస్తా."

కొట్టడం మొదలెట్టారు. అట్లాగే కొట్టుంటే పెట్టె వేళకి చేరేదే. కానీ ఆ నవ్వు ముఖాలు చూసేసరికి మేడంకి ఒళ్ళు మండింది. "ఇంకోసారి నా కళ్ళబడ్డారంటే చూడండి!" అని అరిచి అటు తిరిగింది.

ఇంకేముంది! ముగ్గురూ పరుగో పరుగు. పంపుతో సహా. వెళ్ళి నీళ్ళ ట్యాంకు వెనక నక్కారు.

"ఒరేయ్, పంపు తేండిరా! ఎక్కడ చచ్చార్రా!" మేడం గొంతు బొంగురుపోయేలా పిలుస్తోంది. బాషా జాకీ పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు.

జాలయ్య లేవబోయాడు. పెంచలబాబు వాడి చొక్కా పట్టి కిందికి లాగాడు. "కూర్చో వెధవా! పిలిచి పరీక్ష పెడుతోంది. కనబడితే సర్టిఫికెట్టు గోవిందా!"

పొద్దుగూకింది. రాకెట్టు వాళ్ళు ఫోను చేసి, మీ చోటు వేరేవాళ్ళకి ఇచ్చేశామన్నారు. మేడం బండి మెట్టు మీద కూలబడి ఏడ్చింది.

"పాపం, ఎంత వెతికినా మనం దొరకలేదని ఏడుస్తోందిరా" అన్నాడు మునీంద్ర.

"మరి దాక్కోవడమంటే ఏమనుకున్నావు!" అన్నాడు పెంచలబాబు, పంపు కూడా కనబడకుండా చొక్కాలోకి దోపుకుంటూ.