అందరికంటే కింద కూర్చున్న రాజు

గొప్పలకు ఏనాడూ కరువు రాని ఒకానొక రాజ్యంలో ప్రచండ భూపాలుడనే రాజుగారుండేవారు. దేంట్లోనైనా ఆయనే మొదట ఉండాలి. చెరుకు నమిలే పోటీ పెట్టినా సరే.

ఒక ఆదివారం ప్రార్థన మందిరంలో అయ్యగారు, తగ్గినవాడికే దేవుని రాజ్యంలో పెద్దపీట అని బోధించారు. రాజుగారికి మిగతా బోధేదీ చెవికెక్కలేదు. ఆ పెద్దపీట మీద మాత్రం కన్నుపడింది. పై ఆదివారానికల్లా మందిరంలో చాపల ముందు మూరెడు లోతు గొయ్యి తవ్వించి, పట్టుపరుపు పరిపించి, అందులో ఆసీనులయ్యారు. పైగా చాటింపు ఒకటి: మందిరంలో రాజుగారి తలకంటే ఎవరి తలా కిందికి రాకూడదు!

జనం మెడలు బిగబట్టుకుని ప్రార్థించసాగారు. అలవాటు చొప్పున మోకరించి నేలకు నుదురు ఆనించిన రాహేలమ్మ అనే ముసలావిడ మాత్రం దొరికిపోయింది. భటులు ఆమెను కోట కింద చీకటికొట్టులో వేశారు. ఇక వంగనని ఒప్పుకుంటే వదిలేస్తామన్నారు. అరవై ఏళ్లు దేవుడి ముందు వంగిన నడుం, ఇప్పుడు నిలబెడితే నిలబడుతుందా అందావిడ. మూడోనాటికి ఆ చెమ్మకు దగ్గు పట్టుకుంది.

అయ్యగారు పరుగున వచ్చి ఆస్థాన విదూషకుడు జక్కయ్యతో మొరపెట్టుకున్నారు. జక్కయ్య ముఖం వేలాడేసుకుని కొలువుకు వెళ్లాడు.

"ఏరా, ఎవరు పోయారు?" అన్నారు రాజుగారు.

"ఎవరూ పోలేదు ప్రభూ, తమరి మొదటి స్థానమే పోయింది. తమరున్నది మూరెడు లోతులో. రాహేలమ్మ ఉన్నది పన్నెండు మెట్ల లోతులో. మనమే దగ్గరుండి దింపాం."

రాజుగారు ఉలిక్కిపడి, గొయ్యి ఇంకా తవ్వించమన్నారు. బావులు తవ్వేవాళ్లను అడిగే వచ్చానని, మందిరం చెరువు పక్కనే కనుక ఇంకో మూరకే నీళ్లు పడతాయని, పీకల్లోతు నీళ్లలో ప్రార్థన తమకు సమ్మతమైతే ఇప్పుడే తవ్వుతారని జక్కయ్య విన్నవించాడు. పోనీ, ముసలిదాన్ని పైకి తెప్పిస్తేనో? తెప్పిస్తే మళ్లీ వంగుతుంది, ఆ నడుం చెప్పిన మాట వినదన్నాడు. ఇక మిగిలింది ఒకటే దారి, తమరే దిగి ఆ చోటు దక్కించుకోవాలి.

దిగారు. కొట్టు గుమ్మం మరీ పొట్టిది. కిరీటం తీసి జక్కయ్య చేతికిచ్చి, రాజుగారు ముక్కుతూ లోపలికి దూరారు.

చీకట్లో రాహేలమ్మకు మనిషి అలికిడే తప్ప ముఖం తెలియలేదు. "నిన్నూ పట్టుకొచ్చారా నాయనా? అక్కడ తడి, ఇటు రా" అంటూ తన గోనెపట్టాలో సగం చోటిచ్చింది. రాజుగారి కోసమే ప్రార్థన చేసుకుంటున్నానని చెప్పింది. పాపం, గోతిలో కూర్చుంటున్నాడు, ఆ వయసులో కీళ్లు పట్టేస్తాయంది.

రాజుగారు గోనెపట్టా మీద మెల్లగా చతికిలబడ్డారు.

"ఇంతకీ నిన్నెందుకు వేశారు? వంగినందుకేనా?" అని అడిగింది అవ్వ.

"కాదవ్వా" అన్నారు రాజుగారు. "వంగనందుకు."

అంటూనే పకపకా నవ్వారు. గుమ్మం అవతల బిక్కుబిక్కుమంటూ నిలబడ్డ జక్కయ్యకు అప్పుడు ఊపిరాడింది.

రాజుగారే అవ్వ చెయ్యి పట్టుకుని పన్నెండు మెట్లూ ఎక్కించారు. ఆ పూటే గొయ్యి పూడ్పించి, చాటింపు రద్దు చేయించారు. తన చేతి కడియం తీసి జక్కయ్యకు తొడిగారు. అవ్వకేం కావాలో కోరుకోమన్నారు. ఒక గుక్కెడు మిరియాల కషాయం ఇప్పించమందావిడ.

భటులు కదలబోతే రాజుగారు వారించి, తానే బయల్దేరారు. రెండడుగులు వేసి ఆగారు.

"వంటిల్లు ఎటురా, జక్కయ్యా?"