పేలాల ఈరమ్మ ఇసుక మూట

అనగనగా, మన తాతల తాతలకు ఇంకా పాలపళ్లు ఊడని కాలంలో, జిల్లేడుపల్లె అని ఒక ఊరుండేది. ఆ ఊళ్లో ఆడపిల్లలకు నెలనెలా వచ్చే కడుపునొప్పికి ఒకటే వైద్యం. పెద్దావిడ తిప్పమ్మ పిల్లను కింది నుంచి మీదికి చూసి తీర్పు చెప్పేది.

సన్నటి ఓబులి వచ్చి, "అవ్వా, కడుపు నొస్తాంది" అంది.

"ఒంట్లో కండ లేదు, అందుకే. నెయ్యి తాగు!"

పాపం ఓబులి తాగింది, కక్కింది. నొప్పి పోలేదు.

బొద్దుగా ఉండే సుంకులి వచ్చి, "అవ్వా, కడుపు నొస్తాంది" అంది.

"ఒంట్లో కొవ్వెక్కువ, అందుకే. కూడు మాని గంజినీళ్లు తాగు!"

సుంకులి తాగింది, కళ్లు తిరిగాయి. నొప్పి పోలేదు. వచ్చే నెల ఆ గంజినీళ్లు కూడా ఉండవేమోనని ఆ పిల్లకు ఒకటే గుబులు.

తొలి ఏకాదశి ముందురోజు రానే వచ్చింది. పేలపిండి లేనిదే పండగేది? ఊరందరికీ పేలాలు వేయించేది పేలాల ఈరమ్మ ఒక్కతే. ఆమెకున్న ఆస్తల్లా మంగలమనే ఒక వేపుడు కుండ, దాన్నిండా ఏటి ఇసుక. ఇసుక కాగాలి, జొన్నలు పొయ్యాలి, టపటపా పేలాలి. ఆడవాళ్లంతా చేటలతో వరస కట్టారు.

వరసలో ఉన్న సుంకులి కడుపు పట్టుకుని కూలబడింది! ఈరమ్మ పరుగెత్తుకొచ్చింది. సన్నమా అనలేదు, లావా అనలేదు.

"యాడ నొస్తాందే తల్లీ?" అంది.

ఇన్నాళ్లకు ఒకరు ఆ మాట అడిగారు! సుంకులికి ఏడుపు ముంచుకొచ్చింది. పొత్తికడుపు చూపించింది.

ఈరమ్మ తన కొంగు చించింది. కాగిన ఇసుక మూట కట్టి, తన చేతి మీద వేడి చూసుకుని, పిల్ల కడుపు మీద పెట్టింది. మెల్లమెల్లగా సుంకులి కాళ్లు చాపుకుంది. అది చూసి, అదే నొప్పితో ఉన్న ఓబులి ఉరికొచ్చింది. రెండో మూట! మంగలం సగమైంది.

"ఈరమ్మా, మా పేలాలు!" అని ఊరంతా గగ్గోలు. తిప్పమ్మ కర్ర ఊపుకుంటూ వచ్చింది.

"లావు తగ్గాల, సన్నం పెరగాల. మధ్యలో ఈ మూటలేంది?"

అప్పుడు ఆమె వెనక నుంచి ఒక గొంతు. "అవ్వా, నాకూ నొస్తాంది."

ఎవరు? తిప్పమ్మ మనవరాలు లింగి! సన్నమూ కాదు, లావూ కాదు. పిల్లంటే ఇట్లుండాలని తిప్పమ్మ ఊరికంతా చూపించే లింగి!

తిప్పమ్మ లింగిని దగ్గరికి లాక్కుంది. కర్ర పారేసి, తన కొంగే చించింది. "ఉన్న ఇసుకంతా పొయ్యి, ఈరమ్మా!"

ఆ ఏడు జిల్లేడుపల్లెలో పేలపిండి లేదు. సుంకులి మాత్రం మూట హత్తుకుని, గిన్నెడు సంగటి తిని, "ఇంకొంచెం" అంది. తిప్పమ్మే వడ్డించింది!

ఈరమ్మ పోయి ఎన్ని తరాలైందో. ఇప్పటికీ ఆ ఊళ్లో తొలి ఏకాదశికి మంగలం పొయ్యెక్కితే, మొదట కాగిన ఇసుక జొన్నలకు కాదు. మూట కట్టి ఆడపిల్ల చేతికిచ్చాకే పేలాలు. ఎవరైనా పిల్ల ఒంటి మీద మాట జారారో, పక్కనున్న ముసలామె మొట్టికాయ వేస్తుంది.

"ఒళ్లు చూసింది చాలు. యాడ నొస్తాందో అడుగు!"